సోవెల్ మాట, ఈదుముడి మాట

కావలి నుంచి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. "సార్, థామస్ సోవెల్ అనే అమెరికా ఎకనమిస్ట్ వీడియోలు చూస్తా ఉన్నా. ఆయన నల్లజాతి మనిషే అయ్యుండి సోషల్ జస్టిస్, కోటాలు అన్నీ దండగ అని లెక్కలతో చెప్తున్నాడు. మన రిజర్వేషన్లకి కూడా ఇది వర్తిస్తదా? ఎస్సీల్లో క్రీమీ లేయర్, అంటే బాగుపడినోళ్ళని కోటా నుంచి తప్పించే రూలు, పెట్టాలంటారా?"

నేను ఒంగోల్లో, కావలిలో డిగ్రీ పిల్లకాయలకి ఎకనామిక్స్ చెప్పి రిటైరైనోణ్ణి. నాది ఏ కులమని కింద కామెంట్లలో అడిగేవాళ్ళు ఎట్టాగూ ఉంటారు, చెప్పను. మొత్తం చదివినాక కూడా కనుక్కోలేకపోతే నేను సరిగ్గా రాసినట్టే.

ముందు ఆ మనిషి సంగతి తెలుసుకో తమ్ముడూ, నిమిషం క్లిప్పుల్లో అది రాదు. 1930లో నార్త్ కరోలినాలో పుట్టి హార్లెంలో పెరిగాడు, హైస్కూలు మధ్యలో వదిలేసి చిన్నాచితకా పనులు చేశాడు, కొరియా యుద్ధం టైంలో మెరీన్స్‌లో ఉన్నాడు, తర్వాత హార్వర్డ్, కొలంబియా, 1968లో చికాగోలో పీహెచ్‌డీ. కుర్రతనంలో గట్టి మార్క్సిస్టు. 1960లో లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఇంటర్న్‌గా చేరి ప్యూర్టోరికో చక్కెర పరిశ్రమలో కనీస వేతనం వల్ల ఏం జరిగిందో చూస్తున్నాడు, ఉద్యోగాలు తగ్గతా ఉన్నాయి, చట్టం వల్ల తగ్గాయని కొందరు, తుఫాన్లకి చెరకు పోయి తగ్గాయని కొందరు. తుఫాను రాకముందు పొలాల్లో చెరకు ఎంత ఉందో లెక్క తీస్తే తేలిపోద్ది గదా అని ఈయన అంటే ఆఫీసులో ఎవరికీ అది తేలాలనే లేదు, ఎందుకంటే ఆ డిపార్ట్‌మెంట్ నడిచేదాంట్లో పెద్ద భాగం ఆ చట్టం మీదే. మనిషి మారింది అక్కడే అని ఆయనే చెప్పుకున్నాడు. అప్పట్నుంచి అరవై ఏళ్ళు ఆయన అడిగింది ఒకటే, నీ ఉద్దేశం మంచిదే అబ్బాయ్, జరిగింది ఏంది?

ఈ ప్రశ్న నాకు నచ్చుద్ది. దీన్ని అందరి మీదా వేయాలి, సోవెల్ మీద కూడా.

ఆయన వాదనలో మొదటిది, రెండు గుంపుల మధ్య ఎక్కువతక్కువలు కనపడగానే అక్కడ వివక్ష జరిగిందని తీర్పు చెప్పకూడదు అనేది. ఒకే అమ్మానాన్నలకి పుట్టిన పిల్లల్లో కూడా ఫలితాలు సమానంగా రావు, అమెరికా నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్ ఫైనలిస్టుల్ని తీసుకుంటే ఐదుగురు పిల్లలున్న ఇళ్లల్లో మిగతా నలుగురు కలిసినా పెద్ద పిల్లల సంఖ్యని అందుకోలేకపోయారని చూపిస్తాడు. భూమి, వాతావరణం, నీళ్ళు, వయసు, చదువుకునే అలవాటు ఇట్టాంటివన్నీ లెక్కలోకి తీసుకోవాలంటాడు. మన జిల్లాల వాళ్ళకి ఇది ఎవరూ నేర్పక్కర్లా. సోమశిల నీళ్ళు పారే కోవూరు మాగాణి ఒక లోకం, ఉదయగిరి మెట్ట ఇంకో లోకం, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిపోయినోళ్ళు వేరే లోకం. కులం ఒకటే, ఇంటిపేరు కూడా ఒకటే ఉండొచ్చు, ఒకడి కొడుకు అమెరికాలో, ఇంకొకడి కొడుకు బెంగుళూర్లో సెంట్రింగ్ పనిలో. దీంట్లో ఎవరూ ఎవరికీ అన్యాయం చేసింది లేదు, కాలవ ఆ పక్కకి రాలేదు, అంతే.

ఇక్కడిదాకా సోవెల్ కరెక్టే. కానీ అదే కోవూరులో కాలవ కింద పొలం ఎవరి పేరు మీద ఉండాది, ఆ పొలంలో నాట్లేసేది ఎవరు అని అడుగు. వానకి కులం లేదు గానీ పాసుపుస్తకానికి ఉండాది.

ఇంకోటి కూడా చూడు. ఎక్కువతక్కువలు వివక్షకి రుజువు కాదు అనే మాట, వివక్షకి రుజువే లెక్కల్లో తప్ప ఇంకెక్కడా దొరకని చోట బాగా పని చేస్తది. 1985 జులై 17న కారంచేడులో, అప్పుడది ప్రకాశం జిల్లానే, ఆరుగురు మాదిగల్ని చంపారు. గొడవ మొదలైంది వాళ్ళు తాగే నీళ్ళ చెరువు కాడ బర్రెల్ని కడగొద్దు అన్నందుకు. మిగిలినోళ్ళు చీరాలకి పారిపోయి వచ్చారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2008లో. దీనికి రిగ్రెషన్ లాంటి గణాంకాల లెక్కలు వేయాల్సిన పనేముంది? రిజర్వేషన్ అనేది మన కాడ పేదరికం తగ్గించే స్కీముగా మొదలవలా, నిన్ను మనిషిగా లెక్కపెట్టని ఊళ్ళో నీ మనిషి ఒకడు ఎస్సైగానో ఎమ్మార్వోగానో కూర్చుంటే ఊరు కాస్త ఆలోచిస్తది అనేదానికోసం కూడా. ఈ లాభాన్ని సోవెల్ టేబుళ్ళలో ఏ గడిలో వేస్తావు? ఆయన వేయలా.

కోటాల మీద ఆయన పెద్ద పుస్తకం 2004లో వచ్చింది, ఇండియా, మలేసియా, శ్రీలంక, నైజీరియా, అమెరికా ఐదు దేశాలని పక్కపక్కన పెట్టి చూశాడు. టెంపరరీ అని మొదలుపెట్టినవి పోవు, పెరుగుతాయి. గుంపులో ముందే కాస్త బాగున్నోళ్ళు లాభం పట్టుకుపోతారు. లాభం ఉందని తెలిస్తే బయటోళ్ళు లోపలికి రావడానికి లైన్ కడతారు. గుంపుల మధ్య కక్షలు పెరుగుతాయి. ఇవీ ఆయన తేల్చినవి.

ఈ ఐదు దేశాల్ని ఒకే గాటన కట్టడం మీద నాకు ఒప్పుదల లేదు. మలేసియాలో 1969 మే అల్లర్ల తర్వాత 1971లో వచ్చిన పాలసీ, అధికారంలో ఉన్న మెజారిటీ మలయ్‌లు వ్యాపారాల్లో ముందున్న చైనీయుల్ని అందుకోవడానికి తమకి తాము ఇచ్చుకున్నది. శ్రీలంకలో 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్నారు, 1970ల్లో మెడిసిన్, ఇంజనీరింగ్ సీట్లకి తమిళ పిల్లలు సింహళ పిల్లలకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకోవాలన్నారు, అక్కడ కూడా గద్దె మీద ఉన్న మెజారిటీయే తనకి తాను వడ్డించుకుంది, 1983 నుంచి 2009 దాకా జరిగిన యుద్ధానికి ఇది ఒక కారణం. ఊరి బయట ఉంచబడ్డ మనిషికి సీటు ఇవ్వడం, ఊరి పెద్దే సీటు తీసుకోవడం రెండూ ఒకటి ఎట్టా అవుతాయి? అంబేద్కర్‌కి ఈ తేడా బాగా తెలుసు, 1948 నవంబర్ 30న రాజ్యాంగ సభలోనే రిజర్వ్ అయ్యే సీట్లు మైనారిటీగానే ఉండాలి, లేకపోతే సమాన అవకాశం అనే సూత్రమే పోద్దని చెప్పాడు.

ఐతే వడ్డించుకోవడం సంగతి వచ్చింది కాబట్టి మన ఇంటి చరిత్ర కూడా చెప్పుకోవాలి, సోవెల్ ఫ్యాన్స్‌కీ ఆయన్ని తిట్టేవాళ్ళకీ ఇద్దరికీ ఇది మింగుడుపడదు. రిజర్వేషన్లు మండల్ కమిషన్‌తో వచ్చాయనో రాజ్యాంగంతో వచ్చాయనో అనుకుంటారు మనోళ్ళు. నెల్లూరు, ఒంగోలు 1953 దాకా మద్రాసు కింద ఉండాయి. మద్రాసులో బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీ వాళ్ళు 1921లోనే కులాలు, మతాల వారీగా వాటాలు పంచే కమ్యూనల్ జీవో తెచ్చారు. ఆ పార్టీ నాయకుల్లో మన బుచ్చిరెడ్డిపాలెం బెజవాడ రామచంద్రారెడ్డి 1930ల్లో మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిల్‌కి ప్రెసిడెంటుగా చేశాడు. సుప్రీంకోర్టు కొట్టేసే నాటికి ఆ జీవో లెక్క ఇట్టా ఉండేది, ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకి 6, వెనకబడిన హిందువులకి 2, బ్రాహ్మణులకి 2, హరిజనులకి 2, ముస్లింలకి 1, ఆంగ్లో ఇండియన్లు క్రైస్తవులు కలిపి 1. ఆ 6 సీట్ల లైన్లో నిలబడింది ఎవరు? రెడ్లు, కమ్మలు, వెలమలు, మొదలియార్లు. ఇయ్యాల మెరిట్ మెరిట్ అని వాట్సాప్‌లో పోస్టులు పెట్టేవాళ్ళ తాతల్లో చాలామంది ఆ వరసలోనుంచి వచ్చినోళ్ళే.

1951లో, మెడికల్ సీటు విషయంలో చంపకం దొరైరాజన్ అనే బ్రాహ్మణ మహిళ వేసిన కేసులో ఆ జీవో పోయింది. తమాషా ఏందంటే ఆమె అసలు కాలేజీకి అప్లికేషనే పెట్టలేదని జడ్జిమెంట్లోనే రాసుంది. ఆ తీర్పు దెబ్బకే రాజ్యాంగానికి మొదటి సవరణ, వెనకబడినోళ్ళకి ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చు అనే నాలుగో క్లాజు 15వ ఆర్టికల్‌లో వచ్చాయి. దీంట్లో సోవెల్‌కి కలిసొచ్చేది ఏందంటే బ్రాహ్మణేతరులు అనే పెద్ద గోనెసంచిలో లాభం ఎక్కువగా పైనున్న భూమి కులాలకే పోయింది, చాకలి మంగలి పిల్లకాయలకి పెద్దగా ఏం రాలా. ఆయనకి ఎదురుపడేది ఏందంటే ఆ కోటా నిజంగానే ఆగింది, ఆ కులాలు పడిపోలా, ఎందుకంటే అప్పటికి వాళ్ళ చేతిలో భూమి ఉంది, తర్వాత కాంట్రాక్టులు, సినిమా హాళ్ళు, కాలేజీలు వచ్చాయి. కోటా పోయినా నిలబడాలంటే కింద ఇంకో ఆధారం ఉండాలి అని నాకు అర్థమైంది.

పదేళ్ళకే పెట్టారు, ఇంకా ఎన్నాళ్ళు అని అడిగేవాళ్ళు 334వ ఆర్టికల్ ఒకసారి తెరిచి చూడండి. పదేళ్ళ గడువు అసెంబ్లీ, పార్లమెంటు సీట్లకి మాత్రమే, దాన్ని పొడిగిస్తా పొడిగిస్తా 104వ సవరణతో 2030 దాకా తెచ్చారు. చదువులకీ ఉద్యోగాలకీ గడువు ఎప్పుడూ లేదు. కోటాలు పెరుగుతా పోతాయి అన్న సోవెల్ మాటకి మంచి సాక్ష్యం కావాలంటే అది 2019లో వచ్చింది, ఇన్నేళ్ళు రిజర్వేషన్లే వద్దన్న కులాలకి ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినోళ్ళు) పేరుతో 10 శాతం, 8 లక్షల ఆదాయం దాకా పేదలే. సుప్రీంకోర్టు 2022లో 3:2తో సరే అంది. అప్పట్నుంచి కొందరి నోట్లో మెరిట్ మాట కాస్త తగ్గింది, మంచిదే. ఒకప్పుడు సెన్సస్‌లో మేం క్షత్రియులం అని రాయించుకోవడానికి కులసంఘాలు అర్జీలు పెట్టేవి, ఇప్పుడు పటీదార్లు, మరాఠాలు, జాట్లు, మన కాపులు వెనకబడినోళ్ళం అని రాయించుకోవడానికి రోడ్డెక్కారు. సోవెల్ ఇది రాస్తే నేను కాదనను.

లేబుల్ మార్చుకోవడం గురించి ఆయన చెప్పింది మాత్రం ఒంగోల్లో వేరేగా కనపడతది. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ పని కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు, 1878 జులైలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, ఎక్కువమంది మాదిగలే. మిషన్ బడులు, అక్షరాలు, చొక్కా వేసుకునే ధైర్యం అన్నీ ఆ దారిలోనే వచ్చాయి. సర్కారు కోటా ఏదీ లేకుండా చదువు ద్వారా మనిషి లేచాడు అనే సోవెల్ వాదనకి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఇండియాలో వెతుక్కోవాలి. కానీ ఎస్సీలు ఎవరో చెప్పే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడికి ఎస్సీ హోదా లేదు, మారినోళ్ళకి బీసీ-సీలో 1 శాతం. అందుకని ఆదివారం చర్చి, సర్టిఫికెట్లో హిందూ. ఇది మోసం అని అనేవాళ్ళు ఉండారు. వాళ్ళు దాచేది మతాన్నే గానీ కులాన్ని కాదు గదా, పల్లెలో అడ్రసు మారలా, పిల్లనిచ్చేవాళ్ళు మారలా, కారంచేడులో చంపినోళ్ళు చర్చి రిజిస్టర్ చూసి చంపలా.

ఇప్పుడు అసలు సంగతి. నాగులుప్పలపాడు మండలం ఈదుముడిలో 1994 జులై 7న ఎస్సీ కోటాని ఉపకులాల వారీగా పంచాలనే ఉద్యమం, మాదిగ దండోరా మొదలైంది. మంద కృష్ణ మాదిగ, ఇంకొంతమంది కుర్రోళ్ళు. వాళ్ళ వాదన ఏంది? ఎస్సీలకి ఇచ్చిన 15 శాతంలో మా జనాభాకి తగ్గ వాటా మాకు రావడం లేదు, ముందు చదువుకున్న మాలలే ఎక్కువ తీసుకుంటున్నారు. తమ్ముడూ, ఇది సోవెల్ వాక్యమే! గుంపులో ముందున్నోడికే లాభం. ఆ ఊళ్ళో ఎవరూ సోవెల్‌ని చదివుండరు, రోజూ కళ్ళతో చూసి చెప్పారు. ఇంత గట్టి గొంతు ఇక్కడే ఎందుకు లేచిందంటే క్లౌ బడులు ఒక కారణం, కారంచేడు ఇంకో కారణం అని నా అభిప్రాయం.

ఒకే రోగాన్ని చూసి ఆయన మందు ఆపమన్నాడు, ఈదుముడి వాళ్ళు సరిగ్గా పంచమన్నారు. రామచంద్రరాజు కమిషన్ తర్వాత 1997లో ఆ 15 శాతాన్ని ఏబీసీడీ అని నాలుగు గ్రూపులు చేశారు, రెల్లి 1, మాదిగ 7, మాల 6, ఆది ఆంధ్ర 1. 2000లో చట్టం. 2004 నవంబర్ 5న చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఎస్సీలంతా ఒకటే, విడదీయడానికి రాష్ట్రానికి అధికారం లేదని. ఇరవై ఏళ్ళు తిరిగాక 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జిల బెంచి 6:1తో ఆ తీర్పుని మార్చింది. 2025లో మన రాష్ట్రం మళ్ళీ చేసింది, రెల్లి గ్రూపు 1, మాదిగ గ్రూపు 6.5, మాల గ్రూపు 7.5. ఈ విభజన వద్దనే మాల మహానాడు వాళ్ళ బాధని కూడా తీసిపారేయొద్దు, అసలే ప్రైవేటుకి పోయి, అవుట్‌సోర్సింగ్‌కి పోయి కరిగిపోతున్న సర్కారు ఉద్యోగాల్లో ముక్కకి ముక్క చేసి మమ్మల్ని కొట్టుకోమంటున్నారు అంటారు, అందులో నిజం లేకపోలేదు. సోవెల్ చెప్పిన కక్షలు అంటే ఇవే, అన్నదమ్ముల మధ్యే వచ్చాయి.

సోవెల్ తరచూ చెప్పే ఇంకో లెక్క, అమెరికా నల్లజాతి కుటుంబాల్లో పేదరికం 1940లో 87 శాతం, 1960కి 47, అంటే 1964 సివిల్ రైట్స్ చట్టానికి ముందే దాదాపు సగం దిగింది అని. లెక్క నిజమే. కానీ ఆ ఇరవై ఏళ్ళలో లక్షలమంది దక్షిణాది పత్తిచేలు వదిలి ఉత్తరాది ఫ్యాక్టరీలకి పోయారు, యుద్ధం పనులు వచ్చాయి, దేశమంతా పేదరికం తగ్గింది. మనకి ఆ ఫ్యాక్టరీలు రాలేదు గదా. చీమకుర్తి గ్రానైట్ క్వారీ, రొయ్యల చెరువు కాపలా, పొగాకు బారన్ ఇవే.

తక్కువ ర్యాంకోణ్ణి పెద్ద కాలేజీలో వేస్తే వాడే నష్టపోతాడు అన్న మాట (దీన్ని మిస్‌మ్యాచ్ అంటారు) మీద ఎక్కువ రాయను. మన రైల్వేల మీద అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ అనే ఎకనమిస్టులు లెక్క వేస్తే ఎస్సీ ఎస్టీ ఉద్యోగులు ఎక్కువున్న చోట ఉత్పాదకత తగ్గిన గుర్తులు లేవు, పై గ్రేడుల్లో కొంచెం మెరుగే కనపడింది. ఇంజనీరింగ్ సీట్ల మీద 2010లో బెర్‌ట్రండ్, హన్నా, ముల్లైనాథన్ చేసిన పనిలో కోటాలో సీటొచ్చిన పిల్లలకి సంపాదన పెరిగింది, వాళ్ళ వల్ల సీటు పోయినోళ్ళకంటే వాళ్ళ ఇళ్ళు పేదవే, ఐతే ఆ కులాల్లో కాస్త బాగున్నోళ్ళే ఎక్కువ లాభపడ్డారు అని కూడా వాళ్ళే రాశారు. అంటే సోవెల్ ఒక కాలు నిలబడింది, ఒక కాలు ఒరిగింది. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 30 శాతం మేనేజ్‌మెంట్ సీట్ల మీద ఈ మిస్‌మ్యాచ్ పరిశోధన ఎవరూ అడగరు, అదొక వింత.

క్రీమీ లేయర్ సంగతికి వస్తా. 2024 తీర్పులో జస్టిస్ గవాయ్, ఇంకో ముగ్గురు జడ్జిలు ఎస్సీ ఎస్టీల్లో కూడా బాగుపడినోళ్ళని గుర్తించి బయట పెట్టాలన్నారు, అది ఆదేశం కాదు, అభిప్రాయం. వారానికే కేంద్ర క్యాబినెట్ రాజ్యాంగంలో అట్టాంటిది లేదని చెప్పేసింది. ఓబీసీల్లో 1993 నుంచి ఉండాది, పరిమితి 2017 నుంచి 8 లక్షలు, దాంట్లో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. వడపోత ఎట్టా ఉంటదో దాంతోనే అర్థం చేసుకో. ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఎట్టా వస్తదో మన ఊళ్లలో ఎవరికీ చెప్పక్కర్లా.

సోవెల్ ప్రశ్నే వేసి చూద్దాం, పెడితే జరిగేది ఏంది? డాక్టర్ గారమ్మాయిని తీసేస్తే ఆ సీటు కూలోళ్ళ పిల్లకి పోద్దా? మన యానాదుల్ని చూడు. నెల్లూరు ఎస్టీల్లో ఎక్కువమంది వాళ్ళే. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు ఆ దీవి నుంచి లేచిపోయినోళ్ళు వాళ్ళు. రాష్ట్రంలో 6 శాతం ఎస్టీ కోటా ఉండాది, కాయితం మీద వాళ్ళకీ హక్కే, కానీ రొయ్యల గుంట కాడ గుడిసెలో పెరిగిన పిల్లోడు పదో తరగతి దాటితే గదా సీటు సంగతి. ముందున్నోణ్ణి తీసేసి వెనకున్నోణ్ణి తయారు చేయకపోతే పోస్టు ఖాళీగా ఉంటది, అర్హులు దొరకలేదు అని రాస్తారు.

అందుకని నా మాట, స్కాలర్‌షిప్ లాంటి డబ్బు సాయానికి ఆదాయం చూడొచ్చు, పదో తరగతి తర్వాత ఇచ్చే ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి ఇప్పటికే 2.5 లక్షల పరిమితి ఉండాది, దాన్నెవరూ అన్యాయం అనలా. సీటుకీ ఉద్యోగానికీ మాత్రం తీసేయొద్దు, వరస మార్చండి. అదే ఉపకులంలో ఇంటికి మొదటి డిగ్రీ వచ్చిన పిల్లోడు ముందు, గెజిటెడ్ ఆఫీసర్ పిల్లోడు తర్వాత, ముందోడు దొరక్కపోతే తర్వాతోడికి, సీటు మాత్రం ఆ గ్రూపు దాటి బయటికి పోకూడదు. మొదటి తరమా రెండో తరమా అనేది ఆదాయం లాగా దాచలేరు, తల్లిదండ్రుల సర్టిఫికెట్లు సర్కారు కాడే ఉంటాయి. ఎస్టీలకి కూడా ఇదే, యానాదులకి వేరే వాటా కట్టి, దానికి ముందు గూడేల కాడ హాస్టలు కట్టి. దీనికి ఒప్పుకోనిది మొదట ఆఫీసర్ల సంఘాలే, అది కూడా సోవెల్ ఎప్పుడో రాశాడు.